నాన్న వెంటిలేటర్ మీద, బాస్ లాభం పెంచమంటున్నారు

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నాన్నగారికి 76 ఏళ్లు. నెలన్నర కిందట మెదడులో రక్తస్రావమై పడిపోయారు, అప్పటి నుంచి ఐసీయూలో వెంటిలేటర్ మీదే ఉన్నారు. ఇప్పుడు డయాలసిస్ కూడా మొదలైంది. ఇక ఆశ లేదని డాక్టర్లు ఒకసారి అంటారు, ఇంకోసారి చూద్దాం అంటారు. డాలస్‌లో ఉన్న తమ్ముడు ఏదీ ఆపొద్దంటాడు. బాబాయి మాత్రం తనకు తెలిసిన డాక్టరున్నాడని, ఇంటికి తెచ్చేస్తే ఒక్క ఇంజెక్షన్‌తో ప్రశాంతంగా పోతారని, కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారని అంటున్నాడు. అమ్మ రోజూ వచ్చి ఐసీయూ బయట కూర్చుంటుంది. నేను షేర్ మార్కెట్లో లిస్టయిన ఒక రిటైల్ కంపెనీలో, ఫైనాన్స్ విభాగంలో పని చేస్తాను. ఈ క్వార్టర్ లాభం తగ్గింది. సప్లయర్ల నుంచి వచ్చే క్వార్టర్లో రావాల్సిన స్కీమ్ డబ్బులు ఇప్పుడే లెక్కలో వేసెయ్యమని మా బాస్ ఒత్తిడి చేస్తున్నారు. కాదంటే ఉద్యోగం పోతుందని భయం, ఎందుకంటే నాన్నగారి బిల్లులో ఎక్కువ భాగం కట్టేది మా కంపెనీ ఇన్సూరెన్సే. నాన్న కోసం ఈ ఒక్కసారికి బాస్ చెప్పినట్టు చేస్తే తప్పా? బాబాయి మాట వింటే నేరమా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, దానికి జవాబు చిన్నది. నేరమే, అదీ హత్యానేరం. ప్రాణం తీయడానికి మందు ఎక్కించడం, ఎంత జాలితో చేసినా, తెల్లకోటు వేసుకున్నాయన చేసినా, మన చట్టం దృష్టిలో చంపడమే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 103వ సెక్షన్ చూడండి, యావజ్జీవం లేదా మరణశిక్ష అని ఉంటుంది. పోయే మనిషి తానే ఒప్పుకుంటే నేరం తీవ్రత కొంత తగ్గే మినహాయింపు ఒకటుంది గానీ, నాన్నగారు ఒప్పుకునే స్థితిలో లేరు కాబట్టి అది మీకు పనికిరాదు. ఇంజెక్షన్ ఇచ్చిన డాక్టరే కాదు, మాట్లాడిపెట్టిన బాబాయి, సరేనన్న మీరు కూడా అందులో ఇరుక్కుంటారు. ఆయన్ని మళ్లీ ఈ మాట ఎత్తొద్దని చెప్పండి, కొంచెం గట్టిగానే.

ప్రేమతో చేశామంటే కోర్టు అర్థం చేసుకోదా అని మీకు అనిపిస్తూ ఉండొచ్చు. కెనడాలో రాబర్ట్ లాటిమర్ అని ఒక రైతు, 1993లో ఇంట్లోవాళ్లందరూ చర్చికి వెళ్లిన సమయంలో తన 12 ఏళ్ల కూతురు ట్రేసీని ట్రక్కులో కూర్చోబెట్టి ఇంజిన్ పొగతో చంపాడు. ఆ పిల్లకు తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ, ఒకదాని తర్వాత ఒకటిగా ఆపరేషన్లు, ఇంకొకటి చేయాల్సి ఉంది. జ్యూరీకి అతని మీద జాలి కలిగింది, ఏడాదికే పెరోల్ ఇవ్వమని సిఫారసు చేసింది, జడ్జి కూడా తక్కువ శిక్షతో సరిపెట్టాలని చూశాడు. 2001లో ఆ దేశ సుప్రీంకోర్టు మాత్రం కుదరదంది: యావజ్జీవం, కనీసం 10 ఏళ్లదాకా పెరోల్ లేదు. ఆ శిక్ష నాకు ఎక్కువే అనిపిస్తుంది, నిజం చెప్పాలంటే. కానీ అతన్ని పూర్తిగా వదిలేయాల్సింది అని కూడా అనలేను, ఎందుకంటే ఆ నిర్ణయాన్ని ఇంకో డాక్టరు చూడలేదు, ఇంకో మనిషి ప్రశ్నించలేదు, ఒక్కడే ఆలోచించుకుని ఒక్కడే చేసేశాడు. బాబాయి చెబుతున్న పద్ధతిలో ఉన్న ప్రమాదం కూడా అదే. ఆయన మంచివాడే అయి ఉండొచ్చు, కానీ ఇలా గుట్టుగా చేసే పనికి దారి ఇస్తే రేపు ఆస్తి తగాదా ఉన్న ఇంట్లో కూడా ఇలాంటి బాబాయే ఒకడు, ఇలాంటి డాక్టరే ఒకడు దొరుకుతారు.

ఇక కోర్టుల చుట్టూ తిరగడం సంగతి. బాబాయి పాత కాలంలోనే ఆగిపోయారు. 2011లో ముంబై కేఈఎం ఆస్పత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో, కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాలు నిలబెట్టే చికిత్స ఆపొచ్చని సుప్రీంకోర్టు మొదటిసారి ఒప్పుకుంది, అయితే ప్రతిసారీ హైకోర్టు అనుమతి తీసుకోవాలంది. (అరుణకు మాత్రం ఏదీ ఆపలేదు. 1973లో ఆమె మీద దాడి జరిగినప్పటి నుంచి కంటికి రెప్పలా చూసుకున్న ఆ ఆస్పత్రి నర్సులే వద్దన్నారు, 2015లో న్యుమోనియాతో పోయేదాకా వాళ్లే చూసుకున్నారు.) తర్వాత 2018 మార్చి 9న, కామన్ కాజ్ కేసులో అయిదుగురు జడ్జిల ధర్మాసనం గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన హక్కులో భాగమేనని చెప్పి, చికిత్స ఎలా ఆపాలో పద్ధతి కూడా రాసిచ్చింది. ఆ పద్ధతిలో ఎన్ని మెలికలంటే ఆస్పత్రులు దాని జోలికే పోలేదు. 2023 జనవరి 24న దాన్ని సులువు చేశారు. ఇప్పుడు జరగాల్సిందంతా దాదాపు ఆస్పత్రి గోడల మధ్యే జరుగుతుంది.

ఎలాగంటే, నాన్నగారిని చూస్తున్న డాక్టరు, ఆయనతోపాటు ఆ జబ్బు తెలిసిన, కనీసం అయిదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు డాక్టర్లు కలిసి మొదటి బోర్డు. వాళ్లు కుటుంబంతో కూర్చుని మాట్లాడాలి, మాట్లాడింది రాసిపెట్టాలి, కుటుంబం రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ముందుకెళ్లాలి. ఆ తర్వాత ఆస్పత్రే రెండో బోర్డు వేస్తుంది. మొదటి దాంట్లో ఉన్నవాళ్లు ఇందులో ఉండకూడదు, జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టరు ఒకరు తప్పనిసరిగా ఉండాలి. ఒక్కో బోర్డూ వీలైతే 48 గంటల్లో తేల్చాలని కోర్టే చెప్పింది. రెండు బోర్డులూ సరేనంటే, వెంటిలేటర్ తీసే ముందు ఆస్పత్రివాళ్లు మేజిస్ట్రేటుకు తెలియజేస్తారు, మీరు వెళ్లనక్కర్లేదు. బోర్డు కాదంటేనే హైకోర్టుకు వెళ్లే అవసరం వస్తుంది. నాన్నగారు ముందే రాసిపెట్టుకుని ఉంటే, అంటే ఇద్దరు సాక్షులతో, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ సంతకం చేసిన కాగితం ఏదైనా ఉంటే, పని ఇంకా తేలిక. లేకపోయినా పైన చెప్పిన దారి మీకు ఉంది.

మీరు అడిగినప్పుడు కొన్ని ఆస్పత్రులు మాకిలాంటివి తెలియవంటాయి, లేదా అలవాటైన ఇంకో దారి చూపిస్తాయి: 'డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం' అని సంతకం పెట్టి తీసుకుపోండి అని. మన ఊళ్లో ఎంతమంది అలా అంబులెన్స్‌లో చేత్తో గాలి బుడ్డి నొక్కుకుంటూ ఇంటికి తీసుకెళ్తారో ఐసీయూ బయట కూర్చునేవాళ్లను అడిగితే తెలుస్తుంది. నాకు దానిమీద చాలా కోపం. అందులో కుటుంబం మీద నేరమేమీ పడకపోవచ్చు, కానీ ఆ ప్రయాణంలో ఊపిరాడక రోగి పడే అవస్థకు మందు ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు, ఆస్పత్రికి మాత్రం తన చేతికి మట్టి అంటదు. బోర్డుల దారిలో అలా కాదు, గొట్టం తీసే ముందు, తీసిన తర్వాత నొప్పి తెలియకుండా, ఆయాసం తెలియకుండా మందులిస్తూ, ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోనిస్తారు, జబ్బు తన దారిన తాను పోతుంది. అందుకే ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్, అంటే బాధ తగ్గించే వైద్యం చేసే డాక్టరు ఉన్నారా అని మొదటి మాటగా అడగండి. అక్కడ లేకపోతే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో, ఖాజాగూడ స్పర్శ్ హాస్పిస్‌లో ఈ పని తెలిసినవాళ్లు ఉన్నారు, చేర్చుకోకపోయినా సలహా చెప్పగలరు.

ఇదంతా మొదలుపెట్టే ముందు డాక్టర్ల నోటి నుంచి ఒక విషయం స్పష్టంగా రాబట్టాలి. నాన్నగారిది బ్రెయిన్ డెత్తా, కోమానా? రెండూ ఒకటి కావు: బ్రెయిన్ డెత్‌లో మెదడు మళ్లీ రాకుండా పూర్తిగా ఆగిపోతుంది, కోమాలో స్పృహ లేకున్నా మెదడు కొంత పనిచేస్తూనే ఉంటుంది. బ్రెయిన్ డెత్ అయితే నిర్ధారించడానికి వేరే పరీక్షలున్నాయి, అప్పుడు రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా అవయవదానం సంగతి కూడా మాట్లాడొచ్చు. కోమా అయితే అది కుదరదు. మన హైదరాబాద్‌లోనే 2004లో వెంకటేశ్ అనే యువకుడు, మంచి చెస్ ఆటగాడు, కండరాలు క్షీణించే జబ్బుతో చివరి దశలో ఉండి, అవయవాలు పాడవకముందే తీసుకుని నన్ను పోనివ్వండని అడిగాడు, తల్లి హైకోర్టుకు వెళ్లింది. బ్రెయిన్ డెత్ కాని మనిషి నుంచి అలా తీసుకోవడానికి 1994 అవయవ మార్పిడి చట్టం ఒప్పుకోదు కాబట్టి కోర్టు కాదంది. ఆ డిసెంబరులోనే అతను చనిపోయాడు. ఇక 'చూద్దాం' అన్న మాటకొస్తే, ఐసీయూలో ఆ మాటకు అర్థం డ్యూటీ డాక్టరును బట్టి మారిపోతుంటుంది. పెద్ద డాక్టరును కూర్చోబెట్టి, మీ సొంత తండ్రి అయితే ఏం చేస్తారు అని కాకుండా (దానికి ఎవరూ నిజం చెప్పరు), ఇలాంటి స్థితిలో నెలన్నర ఉన్నవాళ్లు కళ్లు తెరిచి మనిషిని గుర్తుపట్టడం మీరు చూశారా, ఈ డయాలసిస్ దేనికోసం చేస్తున్నాం అని అడగండి. న్యూరాలజిస్టు నుంచి రెండో అభిప్రాయం తీసుకోండి, రిపోర్టులు చూపిస్తే చాలు.

మీ ఉత్తరంలో ఒక సంగతి నన్ను ఆపేసింది. బాబాయి ఏమన్నాడో రాశారు, తమ్ముడు ఏమన్నాడో రాశారు, బాస్ ఏమన్నాడో రాశారు. అమ్మ మాత్రం ఐసీయూ బయట కూర్చుంటుంది, అంతే. ఆవిడ్ని ఎవరైనా అడిగారా? రేపు బోర్డు ముందు కూర్చోవాల్సినవాళ్లలో మొదటి మనిషి ఆవిడ, బాబాయి కాదు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి, ఎవరి చావింటి నుంచో తిరిగొస్తూ నాన్నగారు అన్న మాటలు గుర్తుంటాయి, నన్నిలా గొట్టాలతో పడుకోబెట్టొద్దనో, చివరిదాకా ప్రయత్నించండనో ఏదో ఒకటి అనే ఉంటారు. అసలు తేల్చాల్సింది మీకేం కావాలి, తమ్ముడికేం కావాలి అని కాదు, ఆయన మాట్లాడగలిగితే ఏం కోరుకునేవారు అని. అది చెప్పగలిగేది ఎక్కువగా ఆవిడే. తమ్ముణ్ణి తిట్టకండి. దూరంలో ఉన్నవాడికి ఆపొద్దనడం తేలిక, రోజూ ఆ బెడ్ చూడడు కదా. డాక్టరుతో మాట్లాడేటప్పుడు వీడియో కాల్‌లో అతన్ని కూడా కూర్చోబెట్టండి, మీ నోటి నుంచి వింటే అక్క విసిగిపోయింది అనుకుంటాడు, డాక్టరు నోటి నుంచి వింటే వేరుగా ఉంటుంది. అతను ఒప్పుకోకుండా మాత్రం ముందుకు పోకండి, ఒకట్రెండు వారాలు ఆలస్యమైనా సరే.

డబ్బు గురించి. మన రాష్ట్రాల్లో పేపర్లలో 'కారుణ్య మరణానికి అనుమతించండి' అని వచ్చే వార్తలు చాలావరకు చదివితే, లోపల ఉండేది కట్టలేని ఆస్పత్రి బిల్లు. 2016లో చిత్తూరు జిల్లా తంబళ్లపల్లెలో కాలేయ జబ్బున్న పసిబిడ్డ కోసం తల్లిదండ్రులు కోర్టులో అదే అడిగారు. ప్రభుత్వం ఖర్చు పెట్టుకుంటానని ముందుకు రాగానే వాళ్లు అడిగింది చికిత్సే. మీ విషయంలో కూడా ఆపాలా వద్దా అన్నదాన్ని బిల్లు నుంచి విడదీసి ఆలోచించడం కష్టమే, కానీ ఒకసారి ప్రయత్నించండి: రేపటి నుంచి బిల్లు మొత్తం ఎవరో కడతామంటే ఇంకో నెల ఇలాగే ఉంచుతారా? జవాబు అవునైతే మీకు కావాల్సింది బోర్డు కాదు, డబ్బు సాయం. ఖర్చు తక్కువయ్యే వేరే ఆస్పత్రికి మార్చే మాట, నిమ్స్‌లో బెడ్ మాట ముందు మాట్లాడండి.

ఇప్పుడు ఆఫీసు. ఇన్సూరెన్స్ పోతుందన్న భయమే మీ చేత ఆ ఎంట్రీ వేయించబోతోంది కదా, ముందు ఆ ఇన్సూరెన్స్‌లో ఎంత మిగిలిందో కనుక్కున్నారా? నెలన్నర కార్పొరేట్ ఐసీయూ, ఆపైన డయాలసిస్, మామూలు గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులకు ఉండే పరిమితి ఏ మూలకు వస్తుంది. హెచ్‌ఆర్‌కు గానీ, ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే టీపీఏకి గానీ ఈరోజే ఫోన్ చేసి బ్యాలెన్స్ ఎంతుందో, ఉద్యోగం మానితే కవరేజీ ఏ తేదీదాకా ఉంటుందో అడగండి. మామూలుగా ఆఖరి పనిరోజుదాకా ఉంటుంది, నోటీసు పీరియడ్ కూడా అందులోకే వస్తుంది. చూడబోతే దాదాపు ఖాళీ అయిపోయిన పాలసీ కోసం మీరు తప్పుడు లెక్క రాయబోతున్నారేమో.

తప్పుడు లెక్కే అని ఎందుకంటున్నానంటే, సరుకు ఇంత కొంటే ఇంత శాతం వెనక్కి ఇస్తామని సప్లయర్ ఇచ్చే రిబేటు, అంటే మీరు రాసిన స్కీమ్ డబ్బు, ఆ కొనుగోలు పూర్తయి, వాళ్లు ఒప్పుకున్నాకే మీది. అప్పుడు కూడా ఆ సరుకు ఇంకా షెల్ఫు మీదో గోడౌన్లోనో ఉంటే రిబేటు స్టాకు ఖరీదును తగ్గించాలి గానీ లాభంలోకి రాకూడదు, మన దేశ అకౌంటింగ్ ప్రమాణాల్లో స్టాకు గురించిన ఇండ్ ఏఎస్ 2 చెప్పేది అదే, మీకు నేను చెప్పక్కర్లేదు. బ్రిటన్‌లో టెస్కో 2014లో సరిగ్గా ఈ పనే చేసి దొరికిపోయింది. సప్లయర్ల డబ్బు ముందే వేసుకోవడంతో లాభం అంచనా 25 కోట్ల పౌండ్లు ఎక్కువ చెప్పామని సెప్టెంబరులో ఒప్పుకున్నారు, తర్వాత లెక్క తేలితే 26.3 కోట్లు. ఈ క్వార్టర్ గొయ్యి పూడ్చడానికి వచ్చే క్వార్టర్ మట్టి తెచ్చుకుంటే అక్కడ ఇంకా పెద్ద గొయ్యి మిగులుతుంది, 'ఈ ఒక్కసారికి' అన్న మాట అందుకే నిలబడదు. అక్కడ బయటపెట్టింది లోపల పనిచేసే ఫైనాన్స్ ఉద్యోగే. కంపెనీ 2017లో 12.9 కోట్ల పౌండ్ల జరిమానా కట్టింది, కేసు నడిచిన ముగ్గురు పెద్ద అధికారులు మాత్రం నిర్దోషులుగా బయటికొచ్చారు. మన ఊరి సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల కథ అందరికీ తెలిసిందే, అయితే అందరూ రామలింగరాజు పేరే తలుచుకుంటారు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసిన 10 మందిలో మామూలు మాజీ ఉద్యోగులు కూడా ఉన్నారని చాలామందికి గుర్తుండదు. ఎంట్రీ మీ లాగిన్‌తో పడుతుంది, బాస్ మాట గాలిలో ఉంటుంది.

అలాగని రేపు పొద్దున్నే వెళ్లి యుద్ధం ప్రకటించమనడం లేదు, మీకిప్పుడు ఆ ఓపిక లేదు. ఒక చిన్న మెయిల్ చాలు: 'సర్, మీరు చెప్పిన స్కీములకు సప్లయర్ ఒప్పుకున్న కాగితం, టార్గెట్ పూర్తయిన లెక్క పంపిస్తే ఈ క్వార్టర్లో వేస్తాను, లేకపోతే ఆడిటర్లను అడిగి వాళ్లు చెప్పినట్టు చేద్దాం.' ఇందులో ఆరోపణ లేదు, కాదనడమూ లేదు, కానీ విషయం రాతలోకి వచ్చేసింది. చాలామంది బాసులు ఇక్కడే వెనక్కి తగ్గుతారు, ఎందుకంటే క్వార్టర్ ఫలితాలు కంపెనీ బోర్డు ముందు పెట్టేటప్పుడు ఇందులో అబద్ధం లేదని సంతకం పెట్టాల్సింది సీఈఓ, సీఎఫ్ఓ, ఆపైన ఆడిటర్ల లిమిటెడ్ రివ్యూ (పరిమిత తనిఖీ) ఉంటుంది. తగ్గకపోతే, లిస్టయిన ప్రతి కంపెనీలో విజిల్ మెకానిజం, అంటే లోపలి తప్పుల మీద ఉద్యోగి ఫిర్యాదు చేసే ఏర్పాటు, ఉండి తీరాలి, అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కే రాయొచ్చు, అందుకు మిమ్మల్ని వేధించకూడదని కూడా చట్టంలో ఉంది. ఉన్నంత మాత్రాన వేధించరని నేను చెప్పలేను. అందుకే మెయిల్స్ భద్రంగా ఉంచుకోండి, అవి సిస్టమ్‌లోనే ఉండనివ్వండి, కంపెనీ ఫైళ్లు ఇంటికి పంపుకోకండి.

బాస్‌కు నిజంగా సాయం చేయాలనుంటే, లాభం ఎందుకు తగ్గిందో ఇన్వెస్టర్లకు అర్థమయ్యేలా రాసిపెట్టండి. రిటైల్‌లో పండగ ఏ క్వార్టర్లో పడిందన్నదే సగం కథ. 2024లో దసరా అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న, అంటే బతుకమ్మ చీరల దగ్గర నుంచి కొత్త టీవీల దాకా కొనుగోళ్లలో పెద్ద భాగం ఒక క్వార్టర్ నుంచి ఇంకో క్వార్టర్‌కు జరిగిపోయింది, ఏ కంపెనీ అంకెలు చూసినా దాన్ని పక్కన పెట్టి చదవలేం. ఇక పాత షాపుల అమ్మకం, కొత్త షాపుల అమ్మకం కలిపేస్తే ఏదీ తెలియదు. డీమార్ట్ రెండేళ్లు దాటిన స్టోర్ల అమ్మకాల పెరుగుదల విడిగా చెబుతుంది, మీ కంపెనీ కూడా చెప్పొచ్చు. అద్దెల లెక్క ఇండ్ ఏఎస్ 116తో, అది లేకుండా, రెండు రకాలుగా చూపిస్తే ఇంకా మంచిది. ఒక క్వార్టర్ లాభం తగ్గితే షేరు పడుతుంది, పడనివ్వండి. కారణం నమ్మేలా ఉంటే అడిగిన ఇన్వెస్టర్ సర్దుకుంటాడు.

ఇంకొక్కటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఆస్పత్రి ఖర్చుకని మీ దగ్గరున్న కంపెనీ షేర్లు ఇప్పుడు అమ్మాలనుకోకండి, మీవారి పేరు మీద ఉన్నవైనా సరే. క్వార్టర్ ముగిసిన దగ్గర నుంచి ఫలితాలు ప్రకటించిన 48 గంటలదాకా మీలాంటివాళ్లకు ట్రేడింగ్ విండో మూసి ఉంటుంది, అంటే కంపెనీ షేర్లు కొనకూడదు, అమ్మకూడదు, పైగా లాభం తగ్గిందని ముందే తెలిసిన మనిషి అమ్మితే సెబీ దాన్ని ఇన్‌సైడర్ ట్రేడింగ్ అంటుంది, కారణం ఎంత మంచిదైనా. బాబాయికి కూడా మీ కంపెనీ సంగతులేవీ చెప్పొద్దు. అంత అవసరమైతే బంగారం పెట్టి లోన్ తీసుకోండి.